కోర్టు ఫోనులో కొలువుదీరదు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన సామెత. కోర్టు దారి పొడవు, ఖర్చు ఎక్కువ, అక్కడి భాష మనది కాదు అన్న తరతరాల అనుభవం అందులో ఉంది. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో పెద్దవాళ్లు 'కోర్టుకెక్కాడు' అన్న మాటను ఇప్పటికీ మెచ్చుకోలుగా అనరు. ఊళ్లో నలుగురు కూర్చుని తేల్చుకోవాల్సిన తగాదాను రచ్చకెక్కించాడన్న నింద అందులో వినిపిస్తుంది. ఆ భయాన్నీ, ఆ సిగ్గునూ పెట్టుబడిగా పెట్టి కొందరు ఇప్పుడు ఫోనులోనే కోర్టు నడుపుతున్నారు.

ఆ ఫోను తీరు ఇలా ఉంటుంది. అవతలి గొంతు ముందు మన పేరు చెబుతుంది, ఊరు చెబుతుంది, ఒక్కోసారి ఆధార్ చివరి నాలుగంకెలూ చెబుతుంది. 'మూడేళ్ల కిందట తీసుకున్న లోను మీరు కట్టలేదు. కేసు ఫైలయింది. సాయంత్రం నాలుగింటికల్లా సెటిల్ చేసుకోకపోతే వారంటు వస్తుంది, పోలీసులు ఇంటికొస్తారు' అంటుంది. ఆ లోను మాది కాదు సార్ అంటే, 'మీ బామ్మర్ది తీసుకున్నాడు, ష్యూరిటీగా మీ నంబరిచ్చాడు' అంటుంది. కాసేపటికి వాట్సాప్‌లో ఒక కాగితం దిగుతుంది. పైన మూడు సింహాల గుర్తు, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో చదవడానికి వీల్లేని ఇంగ్లిష్. దాని వెనకే డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్.

దీన్ని కంప్యూటర్ నేరాల ఖాతాలో వేసి, 'ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అన్న హెచ్చరికతో సరిపెడుతున్నాం. ఈ ఫోనులో ఓటీపీ ఎవరూ అడగరు. బాధితుడే తన చేత్తో డబ్బు పంపుతాడు. అప్పు తీర్చలేకపోతే చట్టం ఏం చేస్తుందో, కోర్టు కబురు ఇంటికి ఎలా వస్తుందో అతనికి ఎవరూ ఎన్నడూ విడమరచి చెప్పలేదు. మోసగాడు ఆ ఖాళీలోనే కుర్చీ వేసుకున్నాడు. అసలు కోర్టు ఎలా ఉంటుందో జనానికి తెలియనంత కాలం దొంగ కోర్టుకు గిరాకీ తగ్గదు.

అబద్ధానికి ఊతమిచ్చే నిజం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో అప్పు లేని గడపను వెతుక్కోవాలి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తూనే బోరు మీద బోరు వేయించిన రైతులు ఇక్కడ ఊరూరా ఉన్నారు. మార్కాపురం పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో పని తగ్గాక చేతులు ఖాళీ అయినవాళ్లున్నారు. హైదరాబాద్‌కో, బెంగళూరుకో, గుంటూరు మిరప కోతలకో వలసపోయే కుటుంబాలున్నాయి. వీళ్ల అప్పులూ ఒక రకం కాదు. ప్రామిసరీ నోటు రాసి తెచ్చింది ఒకటి, బంగారం కుదువపెట్టి తెచ్చింది ఒకటి. డ్వాక్రా గ్రూపు లోను వేరు, వారం వారం కట్టే మైక్రో ఫైనాన్స్ కిస్తీ వేరు, ట్రాక్టరు ఫైనాన్స్ వేరు. మూడు నిమిషాల్లో ఇచ్చామన్న యాప్ అప్పు కొత్తగా వచ్చి చేరింది.

ఇలాంటి చోట 'మీకు బాకీ ఉంది' అని ఎవరు ఎవరికి ఫోను చేసినా అది పచ్చి అబద్ధంలా వినిపించదు. విన్నవాడు కాదని గట్టిగా అనడానికి బదులు అది ఏ బాకీయో గుర్తుచేసుకునే పనిలో పడతాడు. మోసగాడికి సగం పని అక్కడే అయిపోతుంది. పైగా వలస వల్ల కుటుంబం నాలుగు చోట్ల ఉంటుంది. కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటే తల్లి కొమరోలులోనో తర్లుపాడులోనో ఒంటరిగా ఉంటుంది. 'మీవాడు అప్పు ఎగ్గొట్టాడు, ఈ రాత్రికే అరెస్టు' అన్న మాట విన్నాక నిజమేదో తెలుసుకునేలోపు ఆమె పొదుపు డబ్బు కదిలిపోతుంది.

అప్పు వసూలులో దౌర్జన్యం మన రాష్ట్రానికి కొత్త కాదు. మైక్రో ఫైనాన్స్ సంస్థల ఒత్తిడికి తట్టుకోలేక ఆత్మహత్యలు జరగడంతో 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ రోజుల్లో వసూలుకొచ్చినవాడికి ముఖం ఉండేది. అతను ఏ సంస్థ మనిషో, ఎవరి బండి మీద వచ్చాడో ఊరికి తెలిసేది. పదేళ్లకు ముఖం మాయమై గొంతు మాత్రమే మిగిలింది. 2020 చివరలో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు ప్రాణాలు తీశాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి, చైనీయులతో సహా పలువురిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఒక జంట పిల్లల్ని అనాథలను చేసి వెళ్లిపోయింది. దాని వెనకా ఉన్నది రుణ యాప్ బెదిరింపులే. రిజర్వ్ బ్యాంకు నియమించిన కార్యబృందం 2021లో యాప్ స్టోర్లను వెతికితే దాదాపు 1,100 రుణ యాప్‌లు కనిపించాయి. వాటిలో 600 అక్రమమైనవే.

ఈ విద్య ముందుగా ఎగుమతి సరుకు. 2016 అక్టోబరులో ఠాణె పోలీసులు మీరా రోడ్డు కాల్ సెంటర్లపై దాడి చేసినప్పుడు బయటపడింది ఇదే తంతు. అమెరికా పన్నుల శాఖ అధికారులమంటూ అక్కడివాళ్లకు ఫోను చేయడం, బాకీ కట్టకపోతే అరెస్టు చేస్తామనడం. అదే నెలలో అమెరికా న్యాయశాఖ 61 మంది వ్యక్తులు, సంస్థలపై అభియోగాలు మోపింది. పరాయి దేశంలో చట్టం తెలియక బెదిరిన వలసవాసులు ఆ ముఠాలకు తేలికగా దొరికారు. మన పల్లెవాసి సొంత దేశంలోనే చట్టం ముందు వలసవాసిలా నిలబడాల్సి రావడం అంతకన్నా విచారం. గొంతు వెనకున్నవాళ్లలో మన పిల్లలూ ఉండొచ్చు. ఉద్యోగాలని నమ్మించి విశాఖ యువకుల్ని కంబోడియాకు తరలించి, వాళ్లతో బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024 మేలో విశాఖ పోలీసుల దర్యాప్తులో వెల్లడైంది.

చదువుకున్నవాళ్లూ పడ్డారు

పల్లెటూరి అమాయకత్వం వల్లే ఇదంతా అనుకుంటే పొరపాటు. 2024 ఆగస్టులో వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్పీ ఓస్వాల్‌ను వీడియో కాల్‌లో బూటకపు సుప్రీంకోర్టు విచారణకు కూర్చోబెట్టి 7 కోట్ల రూపాయలు గుంజారు. గిద్దలూరుకు దక్షిణాన ఉన్న కడప జిల్లాకు చెందిన ఒక శాసనసభ్యుడే 2025 అక్టోబరులో, ఫోనులోనే అరెస్టయినట్టు నమ్మించే 'డిజిటల్ అరెస్టు' పేరిట కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నారు. 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు కోల్పోయింది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఆ ఏడాది డిజిటల్ అరెస్టు తరహా ఫిర్యాదులే లక్షా 23 వేలు దాటాయి. అంబాలాకు చెందిన వృద్ధ దంపతులను నకిలీ సుప్రీంకోర్టు ఉత్తర్వులతో దోచుకున్నారని తెలిశాక, 2025 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం తనంతట తానుగా కేసు చేపట్టింది. డిసెంబరు 1న ఈ నేరాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కోర్టు పేరును దొంగలు వాడుకుంటే దెబ్బ తగిలేది బాధితుడి ఖాతాకే కాదు, కోర్టు మాటకున్న విలువకు కూడా అన్న గ్రహింపు ఆ చొరవలో ఉంది.

అసలు చట్టం ఏం చెబుతుంది?

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. అది సివిల్ వ్యవహారం. అప్పిచ్చినవాడు దావా వేయాలి, సమన్లు రావాలి, వాయిదాలు నడవాలి, డిక్రీ పుట్టాలి. ఆ డిక్రీని అమలు చేయమని మళ్లీ పిటిషన్ వేయాలి. ఫోను చేసిన సాయంత్రానికి వారంటు పుట్టే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు.

డిక్రీ తర్వాతైనా బాకీదారును సివిల్ జైలుకు పంపాలంటే ముందు సంజాయిషీ చెప్పుకొనే అవకాశమివ్వాలి. తీర్చే స్తోమత ఉండీ మొండికేశాడని, లేదా ఆస్తి దాచాడని తేలాలి. కేవలం పేదరికం వల్ల కట్టలేకపోయినవాడిని జైల్లో పెట్టడం తగదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో స్పష్టం చేసింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయనే కూడదు. డ్వాక్రా అక్కచెల్లెళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే బెదిరింపు ఫోన్లలో చాలావాటికి పస ఉండదు. మగవాళ్లకైనా ఆ నిర్బంధం 3 నెలలు మించదు. బాకీదారు జైల్లో ఉన్నన్నాళ్లూ అతని తిండికి బత్తా కట్టాల్సింది అప్పిచ్చినవాడే.

జప్తుకూ హద్దులున్నాయి. అదే చట్టం 60వ సెక్షన్ ప్రకారం వంటపాత్రలు, కట్టుబట్టలు, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు ఎడ్లు, నాగలి, విత్తనాలు, కూలివాడి కూలి డబ్బులు జప్తు చేయకూడదు. తాకట్టు పెట్టకుంటే, రైతో కూలివాడో కాపురముండే ఇల్లూ అంతే. 'రేపు పొద్దున ఇంట్లో సామాను బయటపడేస్తాం' అన్న గొంతుకు ఈ సెక్షన్ గురించి తెలియకపోవచ్చు. మనకు తెలిస్తే చాలు.

చెక్కు వ్యవహారం వేరు. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసే పెట్టొచ్చు, జైలుశిక్షా పడొచ్చు. దానికైనా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువుంటుంది. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఎవరికైనా ఇచ్చి ఉంటే అలాంటి నోటీసును తేలిగ్గా తీసుకోవద్దు. ఇల్లు బ్యాంకుకు తాకట్టులో ఉంటే సర్ఫేసీ చట్టం కింద వచ్చే 60 రోజుల నోటీసునూ అంతే గంభీరంగా చూడాలి.

ఇక వాట్సాప్ కాగితాల సంగతి. విచారణకు హాజరు కమ్మనే పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. హరియాణా ప్రభుత్వం సడలింపు అడిగితే జులైలో నిరాకరించింది. అయితే కోర్టు సమన్లను కొన్ని సందర్భాల్లో ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే వీలు కొత్త చట్టాల్లో ఉంది. కాబట్టి ఫోనుకు వచ్చిన కాగితమల్లా దొంగదని తీర్మానించుకోకూడదు, సరిచూసుకోవాలి. నమోదైన ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అనే 16 అక్షరాలు, అంకెల నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే కేసు ఏ కోర్టులో ఉందో, ఎవరు వేశారో, వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. నంబరు లేకపోయినా పేరుతో వెతకొచ్చు. యాప్ వాడటం రానివాళ్లు మార్కాపురం కోర్టుకో గిద్దలూరు కోర్టుకో వెళ్లి ఆఫీసులో అడగొచ్చు.

లోక్ అదాలత్ పేరు కూడా ఈ బెదిరింపుల్లో తరచూ వినిపిస్తుంది. లోక్ అదాలత్ రాజీ వేదిక. ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ అవార్డు వస్తుంది. హాజరు కాలేదని ఎవరినీ అరెస్టు చేసే అధికారం దానికి లేదు. తెలంగాణలో సైబర్ నేరగాళ్ల ఖాతాల్లో స్తంభింపజేసిన సొమ్మును 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారానే బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. దొంగ ఏ పేరు చెప్పి భయపెడుతున్నాడో ఆ వేదికే పోయిన డబ్బు తెచ్చిపెడుతోంది.

ముగ్గురు, మూడు జవాబులు

ఫోను చేసేవాళ్లంతా ఒక తాను ముక్కలు కారు. మొదటి రకం బాకీ ఏమీ లేకుండానే బెదిరించేవాడు. వాడితో వాదన అనవసరం. మన పేరిట మనకు తెలియకుండా ఎవరైనా అప్పు తీశారన్న అనుమానం ఉంటే సిబిల్ వంటి క్రెడిట్ సంస్థలు ఏడాదికొకసారి ఉచితంగా ఇచ్చే నివేదిక తీసుకుని చూసుకోవచ్చు. అందులో లేని లోనుకు ఫోనులో లెక్క చెప్పాల్సిన పనిలేదు.

రెండో రకం అక్రమ యాప్‌వాడు. ఐదు వేలిచ్చి పదిహేను వేలడుగుతాడు, ఫొటో మార్చి బంధువులకు పంపుతానంటాడు. వాడికి ఒకసారి కడితే మళ్లీ అడుగుతాడు, ఎంత కట్టినా ఆ లెక్క తెగదు. ఇక్కడ పనికొచ్చే ఉపాయం ఒకటే. వాడు చెప్పేలోపు మనమే ఇంట్లోవాళ్లకూ చుట్టాలకూ 'ఇలాంటి ఫొటో రావొచ్చు, అది దొంగది' అని చెప్పేయడం. దాచాల్సింది లేనివాడిని బెదిరించడం కష్టం. ఒత్తిడికి మనసు కుంగితే 14416 టెలీ మానస్‌కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూడో రకం అసలు బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు. బాకీ నిజమే, వాడి తీరు మాత్రం హద్దు మీరినది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు, బెదిరించకూడదు, చుట్టుపక్కలవాళ్ల ముందు పరువు తీయకూడదు. డిజిటల్ లోనుకు కిస్తీ నేరుగా అప్పిచ్చిన సంస్థ ఖాతాలోకే పోవాలి. ఏజెంటు సొంత నంబరుకు ఫోన్‌పే చేయమన్నాడంటే అనుమానించాల్సిందే. ఈ మూడో రకం విషయంలో ఫోను కట్టేసి ఊరుకోకూడదు. బ్రాంచికి వెళ్లి లెక్క అడగాలి, కట్టగలిగిన కిస్తీ గురించి మాట్లాడుకోవాలి. వేధింపు ఆగకపోతే ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, అక్కడా తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. 14448కు ఫోను చేస్తే దారి చెబుతారు.

మొదటి రెండు రకాలకూ తక్షణం చేయాల్సింది ఒకటే. ఫోను పెట్టేయండి. నంబరు, మెసేజ్‌లు, కాగితం ఫొటో, డబ్బు పంపి ఉంటే ఆ లావాదేవీ నంబరు దాచుకోండి. వాళ్లు పంపిన లింకు నొక్కొద్దు, చెప్పిన యాప్ వేసుకోవద్దు. డబ్బు పోయి ఉంటే మొదటి గంటలోనే 1930కి ఫోను చేయండి. సొమ్ము చేతులు మారేలోపు ఖాతాను ఆపించే అవకాశం అప్పుడే ఎక్కువ. తర్వాత దగ్గరున్న పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. 'అది మా పరిధి కాదు' అని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టే బాధ్యత పోలీసులది. అధికారి వేషం కట్టడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద, బెదిరించి గుంజడం 308 కింద, మారుపేరుతో మోసం 319 కింద నేరాలు. 'కేసు పెడతా'మని బెదిరించేవాడే నిజానికి ఇన్ని కేసుల్లో ముద్దాయి.

అప్రమత్తత ఒక్కరి పని కాదు

ఇంత చెప్పినా బాధ్యతంతా బాధితుడి నెత్తిన పెట్టి తప్పుకుంటే అన్యాయమే. దొంగ నోటీసు నమ్మశక్యంగా కనిపించడానికి అసలు సంస్థలూ కారణమే. బాకీ నాలుగు వేలున్నా 'ఫైనల్ లీగల్ నోటీస్' అని ఎర్రక్షరాలతో మెసేజ్ పంపించే అలవాటు, లాయరు కాని ఏజెంటు లాయరు గొంతుతో మాట్లాడే అలవాటు మార్కెట్లో ముందునుంచీ ఉన్నవే. మోసగాడు వాటికి నకలు తీశాడంతే. నియంత్రణలో ఉన్న సంస్థలు ఈ ఉత్తుత్తి బెదిరింపులు మానిపించనంత కాలం అసలుకూ నకిలీకీ తేడా కనిపెట్టమని పల్లెవాసిని అడిగే హక్కు వాటికి లేదు.

సరిదిద్దాల్సిన రెండో సంగతి భాష. తెలుగును పాలనా భాషగా ప్రకటించిన చట్టం 1966 నాటిది. దశాబ్దాలు గడిచినా పేదవాడి గడపకు వచ్చే నోటీసుల్లో ఇంగ్లిష్‌దే పెత్తనం. చదవలేని కాగితానికి ఒకే రకం భయం పుడుతుంది, అది అసలుదైనా నకిలీదైనా. సమన్లతో పాటు ఒక్క పుట తెలుగులో జతచేసి, కేసు దేని గురించో, ఏ రోజు ఎక్కడికి రావాలో, ఉచిత వకీలు కావాలంటే ఎవరినడగాలో చెబితే కోర్టుల మీద పెద్ద భారమేమీ పడదు.

మూడోది ఇప్పటికే చేతిలో ఉన్న వ్యవస్థ. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోను చేసినా, మండల న్యాయసేవా కమిటీకి వెళ్లినా సలహా దొరుకుతుంది. ఈ సంగతి యర్రగొండపాలెం, దోర్నాల, అర్ధవీడు మారుమూలల్లో ఎందరికి తెలుసు? డ్వాక్రా సంఘాల నెలవారీ సమావేశంలో పది నిమిషాలు, సచివాలయం గోడ మీద నాలుగు నంబర్లు, వలస వెళ్లేవాళ్లు బస్సెక్కే చోట ఒక బోర్డు. వీటికి పెద్ద నిధులక్కర్లేదు.

హెచ్చరికల జోరులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఏ నోటీసొచ్చినా దొంగదేనని జనం కొట్టిపారేయడం మొదలుపెడితే నష్టం అటునుంచి వస్తుంది. నోటు మీద దావా పడి, అసలు సమన్లు వచ్చినా వాయిదాకు పోకపోతే కోర్టు ఏకపక్షంగా (ఎక్స్‌పార్టీ) డిక్రీ ఇస్తుంది. అప్పుడు వడ్డీ ఎక్కువ వేశారన్నా, సగం కట్టేశామన్నా, నోటు రాసి మూడేళ్లు దాటి కాలదోషం పట్టిందన్నా వినిపించుకోవడం కష్టమవుతుంది. దొంగ కోర్టుకు భయపడటం ఎంత నష్టమో, అసలు కోర్టును పట్టించుకోకపోవడం అంతే నష్టం.

ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు, ఆ పిలుపు ఏమంటోందో వింటే చాలు. అసలు కోర్టు రమ్మంటుంది. ఫలానా తేదీన ఫలానా చోటికి రా, కావాలంటే వకీలును తెచ్చుకో, నీ మాట చెప్పు అంటుంది. దొంగ కోర్టు కదలొద్దంటుంది. ఫోను పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు, డబ్బు మాత్రం పంపు అంటుంది. ఆ మాట వినబడగానే చేయాల్సింది దానికి సరిగ్గా తిరగబడటమే: ఫోను పెట్టేసి, పక్కింటి తలుపు తట్టి, నలుగురితో చెప్పడం.